పన్నెండు బంతులు

ఆ బంతి ఎందుకు జారిందో స్టేడియంలో ఉన్న అరవై వేల మందిలో ఒక్కరికీ అర్థం కాలేదు.

గ్రేడీ వాల్డ్రాప్‌ని ఎవరూ ముట్టుకోలేదు. అతని చుట్టూ నాలుగు గజాల దాకా ఎదుటి జట్టువాడు లేడు. చెయ్యి వెనక్కి తీసి, పదకొండేళ్ళుగా ఊరంతా చూస్తున్న విసురే విసిరాడు. చెయ్యి ముందుకొచ్చింది గానీ బంతి రాలేదు. అది భుజం వెనకే జారిపోయి, గడ్డి మీద రెండు గెంతులు గెంతి, ఎదుటి జట్టులో ఒక లావుపాటి మనిషి కాళ్ళ దగ్గర ఆగింది. వాడూ నమ్మలేకపోయాడు. దాన్ని పొట్టకి అదుముకుని, ఇది నిజంగా నాకేనా అన్నట్టు అటూ ఇటూ చూసి, అప్పుడు పరుగు లంకించుకున్నాడు. ఆరు పాయింట్లు పోయాయి.

పోర్ట్ ఆల్డన్ జనం ఊరుకునే రకం కాదు. గెలిస్తే గొంతు పోయేలా అరుస్తారు, ఓడితే ఆటగాడి ఏడు తరాలనీ తలుచుకుంటారు. ఆ ఆదివారం మాత్రం ఎవరికీ నోట మాట రాలేదు. సరస్సు మీంచి వచ్చే గాలికి జెండాల తాళ్ళు స్తంభాలకి కొట్టుకుంటున్న చప్పుడు పై వరసల దాకా వినిపించింది.

మైదానం అంచున, బంతుల సంచి పక్కన నిలబడ్డ ఎమిల్ డ్రోబ్నీ కొయ్యబారిపోయాడు. ఈ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో ఏ జట్టు దాడి చేస్తుంటే ఆ జట్టు తన సొంత బంతులతో ఆడుతుంది. గ్రేడీ ఆడే స్టోకర్స్ జట్టు బంతుల్ని ఇరవై ఏడేళ్ళుగా చేతికి పట్టేలా తయారు చేస్తున్నది ఎమిలే. ఇప్పుడు జారిపోయిన దాన్ని కూడా ఆ వారమంతా తనే రుద్దాడు.

సెప్టెంబరు మూడో వారానికే ఊరికి మతిపోయింది. పోయిన జనవరిలో ఫైనల్‌కి ఒక్క ఆట దూరంలో ఆగిపోయిన జట్టు ఇది. ఈసారి తప్పకుండా అనుకున్నారు. మొదటి వారం గ్రేడీ మూడు బంతులు నేరుగా ఎదుటివాళ్ళ చేతుల్లో పెట్టాడు. రెండో వారం రెండు జారవిడిచాడు. ముప్ఫయ్యారేళ్ళ క్వార్టర్‌బ్యాక్‌కి, అంటే జట్టు తరఫున ప్రతి బంతీ ముందుగా పట్టుకుని విసిరే మనిషికి, ఒక వారం చెడ్డ వారం కావచ్చు. మూడు వారాలంటే ఏమనుకోవాలో ఎవరికీ తెలియలేదు.

ఆట అయ్యాక సామాన్ల గదిలో ఎమిల్ తడి తువ్వాళ్ళు మడతపెడుతుంటే, గోడ మీద టీవీలో గ్రేడీ విలేకరుల ముందుకొచ్చాడు. జుట్టు ఇంకా తడిగానే ఉంది. ఒక ఆడమనిషి అడిగింది, ఆ బంతి సంగతేంటని. గ్రేడీ మైకు వంక చూస్తూ, బట్టీ పట్టిన పిల్లాడిలా చెప్పాడు.

"బంతులు ఇవాళ కొంచెం జారుడుగా ఉన్నాయి. చేతిలో నిలవలేదు. అది మేం చూసుకోవాలి."

ఎమిల్ చేతిలో తువ్వాలు సగం మడతలోనే ఉండిపోయింది. పక్కన బూట్ల మట్టి గీకుతున్న ఇద్దరూ తల ఎత్తి ఎమిల్ వంక చూసి, మళ్ళీ బూట్ల వంక చూసుకున్నారు.

సోమవారం పొద్దున రొట్టెల దుకాణంలో వరస గుమ్మం దాకా ఉంది. కౌంటర్ వెనక మార్జ్ అతన్ని చూడగానే గొంతు పెంచింది.

"రావయ్యా ఎమిల్. నీ రొట్టెకి వెన్న రాయనులే. చేతిలోంచి జారిపోతే మళ్ళీ మా మీద పడుతుంది."

వరసంతా గొల్లుమంది. ఎమిల్ కూడా నవ్వబోయాడు, ముఖం సహకరించలేదు. వెనక నుంచి ఒకడు, "నువ్వేం పూశావు తాతా, సబ్బా?" అన్నాడు. ఎప్పుడూ తీసుకునే అక్రోటు రొట్టె తీసుకుని, చిల్లర సంగతి మర్చిపోయి బయటికొచ్చేశాడు. ఇరవై ఏడేళ్ళలో ఆ బంతులు చేసేది ఎవరని ఆ ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. అడిగిన మొదటి రోజు ఇదే.

స్టేడియంలో సామాన్ల విభాగం పెద్ద రూడీ కెల్సో అతన్ని తలుపు దగ్గరే ఆపాడు. చేతిలో కాఫీ కప్పు, కళ్ళు ఎక్కడో.

"ఇది నా మాట కాదు ఎమిల్. పై నుంచి వచ్చింది. ఈ ఆదివారం దాకా బంతుల బల్ల నీదే. ఆ తర్వాత వేరేవాడొస్తాడు. నువ్వు ఉతుకుల గది చూసుకో."

"నేనేం తప్పు చేశాను?"

"టీవీ చూళ్ళేదా?"

"చూశాను. అందుకే అడుగుతున్నా. నేనేం తప్పు చేశాను?"

రూడీ కాఫీ తాగాడు. "నన్ను ఇరికించకు," అన్నాడు.

ఎమిల్ తన బల్ల దగ్గరికెళ్ళి, ఆదివారం ఆడిన పన్నెండు బంతుల్నీ సంచిలోంచి ఒక్కొక్కటే తీశాడు. ప్రతి దాని మీదా బొటనవేలు అడ్డంగా, నిలువుగా నడిపించాడు. కుట్లు పట్టుకుని తిప్పాడు. ఒక్కటి కూడా జారలేదు. తోలు మీద సన్నటి గింజలు వేలిని పట్టుకుంటున్నాయి. అతనికి కోపం కన్నా ముందు ఆశ్చర్యం కలిగింది. పదకొండేళ్ళు తన చేత్తో చేసిన బంతి తప్ప వేరేది ముట్టని మనిషి, ఇంత అబద్ధం అంత తేలిగ్గా ఎలా ఆడాడు?

కోపం మంగళవారానికి వచ్చింది. వచ్చాక ఇక పోలేదు.

కొత్త బంతి పెట్టెలోంచి తీసినప్పుడు మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది. తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, మొదటి పొర మెత్తబడ్డాక గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో కుట్ల దగ్గర్నుంచి కొనల దాకా రుద్దాలి. ఎక్కువ రుద్దితే గింజ చచ్చిపోతుంది, తక్కువ రుద్దితే మైనం ఉండిపోతుంది. తర్వాత తోలు నూనె, ఒక రోజు ఆరబెట్టడం, మళ్ళీ బ్రష్షు. గ్రేడీ అరచెయ్యి పెద్దది, చెమట ఎక్కువ. అందుకని అతని బంతులకి కుట్ల పక్కన ఇంకో చుట్టు పట్టించాలి. ఆ వారం కూడా ఎమిల్ ఇరవై నాలుగు బంతులు అలాగే చేశాడు. పని మీద కోపం చూపించడం అతనికి చేతకాదు. మణికట్టు నొప్పెట్టేదాకా రుద్దుతూనే, గ్రేడీ ముఖం మీద ఏం అనాలో మనసులో వందసార్లు అన్నాడు.

బంతులు ఎంచుకోవడం శుక్రవారం సాధన అయ్యాక జరుగుతుంది. దానికి గ్రేడీ పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. సామాన్ల గదిలో బల్లకి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, కుడి చెయ్యి వెనక్కి చాపుతాడు. కళ్ళు మోసం చేస్తాయి, వేళ్ళు చెయ్యవు అంటాడు. ఎమిల్ ఒక్కో బంతీ ఆ చేతిలో పెడతాడు. నచ్చితే "ఊఁ" అంటాడు, నచ్చకపోతే "కాదు". పన్నెండు ఊఁలు అయ్యేదాకా సాగుతుంది. రిఫరీలకి ఆదివారం అప్పగించేవి ఆ పన్నెండే. గదిలో ఆ సమయానికి ఇంకెవరూ ఉండరు, ఉండకూడదని గ్రేడీ కోరిక.

ఆ శుక్రవారం ఎమిల్ రుద్దిన బంతుల మధ్యలో పెట్టెలోంచి అప్పుడే తీసిన ఆరు కొత్త బంతులు కలిపాడు. మైనం తళతళలాడుతోంది. తన ఎత్తు తేలికైనది. గ్రేడీ చేతిలో కొత్తది పెడతాడు, గ్రేడీ ఛీ అని పక్కన పడేస్తాడు. అప్పుడు అడగాలి. ఇంత తెలిసేవాడివి, ఆదివారం జారుడు బంతులు నీ చేత్తోనే ఎలా ఎంచుకున్నావయ్యా అని. అంతే. ఉతుకుల గదికి పంపితే పంపనీ, ఆ ఒక్క మాటా అడిగి వెళ్తాడు.

గ్రేడీ వచ్చాడు. మామూలుగా లోపలికొస్తూనే ఏదో ఒక వేళాకోళం ఆడేవాడు, ఆ రోజు ఆడలేదు. "కానీ పెద్దాయనా," అని గోడ వైపు తిరిగాడు.

ఎమిల్ మొదట మంచిది పెట్టాడు.

"ఊఁ."

రెండోది కొత్తది పెట్టాడు. పెట్టి, అడగాల్సిన మాట నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాడు.

గ్రేడీ దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. కుట్ల మీద వేళ్ళు సర్దుకున్నాయి.

"ఊఁ."

ఎమిల్ నాలుక చివరి మాట అక్కడే ఆగిపోయింది. పొరపాటేమో అనుకుని ఇంకో కొత్తది పెట్టాడు. ఊఁ అన్నాడు. వారమంతా తను మురిసిపోయిన ఒక బంతి, మణికట్టు నొప్పి తెప్పించినది, పెట్టాడు. గ్రేడీ చాలాసేపు తిప్పి, "కాదు," అన్నాడు. మళ్ళీ కొత్తది. ఊఁ.

గ్రేడీ మెడ వెనక చెమట సన్నగా మెరుస్తోంది. బంతి అందుకునేటప్పుడు అతని ఉంగరపు వేలూ చిటికెన వేలూ మిగతా వేళ్ళ కన్నా ఒక క్షణం ఆలస్యంగా మూసుకుంటున్నాయి. అది చూశాక ఎమిల్‌కి అర్థమైంది. తెలియక కాదు, బద్ధకించి కాదు. ఈ మనిషి ఊహించి చెబుతున్నాడు.

"గ్రేడీ, ఆ చెయ్యి కాదు. ఎడమ చెయ్యి ఇటివ్వు."

"ఎందుకు?"

"ఇవ్వవయ్యా."

గ్రేడీ విసుగ్గా ఎడమ చెయ్యి చాపాడు. ఇప్పుడే ఊఁ అన్న కొత్త బంతిని ఎమిల్ అందులో పెట్టాడు.

"ఇదేంటి? పెట్టెలోంచి తీసిందా?" అన్నాడు గ్రేడీ వెంటనే. అనేశాక కళ్ళు తెరిచాడు. వెనక్కి తిరిగి, బల్ల మీద తను ఎంచుకున్న బంతుల్ని చూశాడు. చేతిలో ఒకటి, బల్ల మీద రెండు తళతళలాడుతున్నాయి. ఇద్దరూ వాటినే చూస్తూ నిలబడ్డారు. గదిలో ఎక్కడో పైపులో నీళ్ళు పోతున్నాయి.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు ఎమిల్.

గ్రేడీ వెళ్ళి తలుపు వేసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆరున్నర అడుగుల మనిషి ఇంత చిన్నగా అవడం ఎమిల్ ఎప్పుడూ చూడలేదు.

"ఆగస్టు సాధన క్యాంపులో తల మీద ఒక దెబ్బ తగిలింది. భుజం నుంచి కరెంటు పాకినట్టయింది. అలాంటివి మామూలేగా, రెండు నిమిషాల్లో పోతాయి. అది పోలేదు. ఈ రెండు వేళ్ళూ పోయాయి. ఇప్పుడు మధ్యవేలు కూడా... ఉంటుంది, ఉండదు."

"డాక్టర్‌కి చెప్పలేదా?"

"చెబితే ఆడనిస్తారా? అయినా క్యాంపులో అందరికీ తీసినట్టే నాకూ మెడకి స్కానింగ్ ఫొటో తీశారు. ముసలి మెడ, నీ వయసుకి ఇలాగే ఉంటుంది, కంగారేం లేదన్నారు. నరం ఏదో నొక్కుకుంది, అదే వదులుతుంది. ఇంకో నాలుగైదు వారాలు." అతను కుడి చేతిని ఎడమ చేత్తో పిసుక్కుంటున్నాడు. "ఆ టీవీలో మాట... ప్రెస్ ఆఫీసు వాళ్ళు చీటీ ఇచ్చారు, ఇలా చెప్పెయ్, గొడవ ఉండదు అని. చదివేశాను. నీ పేరు చెప్పలేదు కదా అనుకున్నా. ఇంటికెళ్ళాక మా ఆవిడ అడిగింది, మరి ఆ బంతులు చేసేది ఎవరు అని."

ఎమిల్ వందసార్లు అనుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"ఎవరికీ చెప్పకు పెద్దాయనా," అన్నాడు గ్రేడీ. "నీకు దణ్ణం పెడతా. పన్నెండూ నువ్వే ఎంచి సంచిలో వెయ్యి. నీ చెయ్యి తప్పు చెయ్యదు."

చెప్పకూడదనే అనుకున్నాడు ఎమిల్. కానీ వేళ్ళు పోయింది మెడ దెబ్బ వల్ల. ఆదివారం ఆ మెడ మీదికి నూట ముప్ఫై కిలోల మనుషులు పరిగెత్తుకుంటూ వచ్చి పడతారు. బ్రష్షు అక్కడ పెట్టేసి, వాల్ట్ గ్రీవ్ గదికెళ్ళాడు. వాల్ట్ జట్టులో దెబ్బలు చూసే మనిషి. డాక్టర్ వారానికొకసారి వస్తాడు, రోజూ కట్లు కట్టేదీ కాళ్ళు నొక్కేదీ వాల్టే. ఇరవై ఏళ్ళుగా ఇద్దరూ ఒకే బెంచీ మీద మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటారు.

వాల్ట్ టేపు ముక్కలు కత్తిరిస్తున్నాడు. ఎమిల్ తలుపు వేసి, నిలబడే చెప్పాడు. వేళ్ళు, ఎడమ చెయ్యి, ఆగస్టు దెబ్బ, అన్నీ. చెబుతూ వాల్ట్ ముఖమే చూస్తున్నాడు. కత్తెర ఆగుతుందనీ, నిజమా అని లేస్తాడనీ చూశాడు. కత్తెర ఆగలేదు. వాల్ట్ ఇంకో ముక్క కత్తిరించి, అంచు సరిచేసి, బల్లకి అంటించాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?" అన్నాడు.

ఎమిల్ ఒక అడుగు ముందుకేశాడు. "నీకు తెలుసా?"

"కూచో."

"నీకు తెలుసా అని అడిగాను."

"ఆగస్టు పదకొండున ఫొటో తీశాం. వెన్నుపూసల మధ్య నరాలు పోయే దారి ఇరుకైపోయింది. గట్టి దెబ్బ ఇంకోటి తగిలితే చేతులే కాదు కాళ్ళు కూడా పోవచ్చని డాక్టర్ రాసిచ్చాడు. కోచ్ చూశాడు. పై ఆఫీసు చూసింది."

"గ్రేడీకి చెప్పారా?"

"ముసలి మెడ అని చెప్పారు."

"అది నాకూ చెప్పాడు వాల్ట్. నిజం చెప్పారా అంటున్నా."

వాల్ట్ కత్తెర కింద పెట్టాడు. "వాడి బదులు ఆడాల్సిన కుర్రాడికి మోకాలు ఇంకా కుదురుకోలేదు. ఆరో వారానికి లేస్తాడు. అప్పటిదాకా గ్రేడీని ఆడించి, తర్వాత మెల్లగా పక్కన కూచోబెడదామని కోచ్ అన్నాడు. నేను వద్దన్నాను ఎమిల్. ఒకసారి వద్దన్నాను. రెండోసారి అంటే నా స్థానంలో ఇంకొకడొస్తాడు, వాడు ఒక్కసారి కూడా అనడు." అతను లేచి దగ్గరికొచ్చాడు. "మొన్నటి బంతుల మాట కూడా అందుకే. జనం చెయ్యి గురించి అడక్కుండా. నీ మీద ఎవరికీ కోపం లేదు. నీ బల్ల సంగతి కోచ్‌తో నేను మాట్లాడతా. సోమవారం నుంచి మళ్ళీ నీదే. నువ్వు నోరు మెదపకు, చాలు."

ఎమిల్ తల ఊపాడో లేదో తనకే తెలియదు. బయటికొచ్చి, కారిడార్‌లో నీళ్ళ పంపు దగ్గర చాలాసేపు నిలబడి, నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు.

గ్రేడీ వాళ్ళ దగ్గర దాస్తున్నాడు. వాళ్ళు గ్రేడీ దగ్గర దాస్తున్నారు. రోజూ పొద్దున్నే ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఎలా ఉంది అంటే బానే ఉంది అనుకుంటున్నారు. ఇన్నేళ్ళూ తను అన్నం తిన్నది ఈ మనుషుల మధ్యనా అనుకున్నాడు ఎమిల్.

ఇంట్లో ఇర్మా బంగాళాదుంపల పిండితో హలూష్కీ ఉండలు వండి, పైన క్యాబేజీ వేయించి పెట్టింది. వారమంతా మొగుడి ముఖం చూసి నలిగిపోయింది.

"ఏమన్నారు?"

"బల్ల నాకే ఉంటుందట."

"మరి ఆ ముఖమేంటి? నేను చెప్పలా, వాళ్ళే దిగొస్తారని? తిను, చల్లారిపోతుంది."

రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపేశాడు. ఆమెకి చెప్పాలనుకున్నాడు. చెబితే, నువ్వేం చెయ్యబోతున్నావు అని అడుగుతుంది. దానికి జవాబు లేదు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, బంతి రుద్దడం తప్ప ఇంకో పని రాని వాడికి, ఆ బల్ల పోతే ఏం మిగులుతుందో ఇద్దరికీ తెలుసు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి గ్రేడీ ఫోన్ చేశాడు. "పెద్దాయనా, మైదానానికి వచ్చేటప్పుడు ఆ పెట్టెలోవి కూడా ఒక ఆరు పట్టుకురా." ఎందుకో చెప్పలేదు. తనలో తను సరిచూసుకుంటాడు కాబోలు అనుకున్నాడు ఎమిల్.

శనివారం సాధన పేరుకే. తలకి టోపీలు, కాళ్ళకి మామూలు బూట్లు, ఒక గంటసేపు నడుస్తూ మర్నాటి ఎత్తులు ఒకసారి చూసుకోవడం. ఎండ బావుంది. సరస్సు మీంచి గాలి లేదు. కోచ్ రస్ టిల్మన్ మైదానం మధ్యలో కాగితం చుట్ట పట్టుకుని నిలబడ్డాడు. గ్రేడీ అతని పక్కకొచ్చి, అందర్నీ చుట్టూ రమ్మన్నాడు. యాభై ముగ్గురు ఆటగాళ్ళూ గుండ్రంగా చేరారు.

"వాల్ట్, నువ్వు కూడా రా. ఎమిల్, సంచి ఇక్కడ పెట్టు."

ఆటలో గ్రేడీకి ఎడమ పక్క కాపు కాసే సియోనె అనే కుర్రాడు, గుమ్మమంత మనిషి, అందరికన్నా ముందు నవ్వాడు. "ఏంటి కెప్టెన్, పుట్టినరోజా? కేకు ఎక్కడ?"

"అలాంటిదే," అన్నాడు గ్రేడీ. గోల్ స్తంభాల వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, కుడి చెయ్యి వెనక్కి చాపాడు. "వాల్ట్, ఆ సంచిలో కొత్తవీ రుద్దినవీ ఉన్నాయి. ఒక్కోటీ నా చేతిలో పెట్టు. ఏది ఏదో చెబుతా."

వాల్ట్ కోచ్ వంక చూశాడు. కోచ్ కాగితాల వంక చూశాడు. గత్యంతరం లేక వాల్ట్ ఒక కొత్త బంతి తీసి పెట్టాడు.

"రుద్దింది," అన్నాడు గ్రేడీ.

కుర్రాళ్ళు ఈలలు వేశారు. తర్వాత రుద్దినది పెట్టాడు వాల్ట్.

"కొత్తది."

ఇంకోసారి నవ్వులు, కొంచెం తక్కువగా. మూడోది కొత్తది. "రుద్దింది." ఎవడో నవ్వబోయి దగ్గాడు. నాలుగోది, మళ్ళీ కొత్తది, చేతిలో పెట్టేసరికి మైదానంలో చప్పుడు లేదు. ఆ బంతి గ్రేడీ వేళ్ళలోంచి దానంతటదే జారి గడ్డి మీద పడింది. అది పడిన సంగతి అతనికి తెలియలేదు. చెయ్యి ఇంకా పట్టుకున్నట్టే ఉంది.

"రుద్దిందే," అన్నాడు.

సియోనె రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

గ్రేడీ కళ్ళు తెరిచి, ఖాళీ చేతిని చూసుకున్నాడు. "ఎన్ని తప్పు?" అన్నాడు.

"అన్నీ," అన్నాడు ఎమిల్.

"విన్నారుగా. బంతుల్లో ఏ తప్పూ లేదు, ఎప్పుడూ లేదు. ఈయన మీద నేను అబద్ధం చెప్పాను." గ్రేడీ ఆ కుడి చేతిని అందరికీ కనిపించేలా ఎత్తాడు. "ఇవాళ పొద్దున మా పాపకి జడ వేస్తున్నా. రబ్బరు బ్యాండు వేళ్ళ మధ్య ఉందనుకుని చుడుతూనే ఉన్నా. అది నేల మీద ఉంది. పాప అడిగింది, నాన్నా నువ్వేం చుడుతున్నావు అని. ఆగస్టు నుంచి ఇలాగే ఉంది. మీ అందర్నీ మోసం చేశాను. మూడు ఆటలు నా వల్ల పోయాయి. కోచ్, మీకు ఎదురుగా నిలబడి అబద్ధం ఆడాను. రోజూ అడిగేవారు, రోజూ బానే ఉందన్నాను. మీరు నన్ను నమ్మారు. నన్ను క్షమించండి."

అతను ఏడుస్తున్నాడు, దాచుకోవాలని కూడా చూడటం లేదు. కొందరు కుర్రాళ్ళు టోపీలు ముఖం మీదికి లాక్కున్నారు.

ఎమిల్ కోచ్ వంక చూశాడు. ఇప్పుడు చెబుతాడనుకున్నాడు. ఇంత జరిగాక, మనిషి అన్నవాడు ఎవడైనా చెబుతాడనుకున్నాడు.

కోచ్ టిల్మన్ కాగితాలు చంకలో పెట్టుకుని, ముందుకొచ్చి, గ్రేడీ మెడ వెనక చెయ్యి వేసి దగ్గరికి తీసుకున్నాడు.

"ముందే చెప్పాల్సింది నాన్నా," అన్నాడు మెత్తగా, అందరికీ వినపడేలా. "తెలిస్తే ఒక్క ఆటైనా ఆడనిచ్చేవాణ్ణా? సరేలే, అయిందేదో అయింది. నేను నిన్ను క్షమించాను. మేమంతా క్షమించాం. ఏమంటార్రా?"

కుర్రాళ్ళు తలలు ఊపారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. గ్రేడీ కోచ్ భుజం మీద తల పెట్టుకుని, థాంక్యూ కోచ్, థాంక్యూ అంటున్నాడు.

ఎమిల్‌కి దాచడం అర్థమైంది. భయం అర్థమైంది. వాల్ట్ టేపు ముక్కలు కత్తిరిస్తూ చెప్పింది కూడా, రాత్రంతా తిట్టుకుని, ఎంతో కొంత అర్థం చేసుకున్నాడు. ఈ క్షమించడం మాత్రం అర్థం కాలేదు. వాల్ట్ వంక చూశాడు. వాల్ట్ బూటు కొనతో గడ్డి తవ్వుతున్నాడు.

"ఫొటో ఆగస్టు పదకొండున తీశారు," అన్నాడు ఎమిల్.

పెద్దగా అనలేదు. పక్కనున్న సియోనెకి వినిపించింది. "ఏ ఫొటో?" అన్నాడు. గ్రేడీ తల ఎత్తాడు.

"నీ మెడది గ్రేడీ. ముసలి మెడ కాదు అది. ఇంకో గట్టి దెబ్బ తగిలితే కాళ్ళు కూడా పోవచ్చని డాక్టర్ రాసిచ్చాడు. వాల్ట్ చూశాడు, కోచ్ చూశారు, పై ఆఫీసు చూసింది. నిన్న నాకూ తెలిసింది. నీకు ఒక్కడికే తెలియదు."

"ఎమిల్," అన్నాడు కోచ్, గొంతు మారకుండా, "సంచి తీసుకుని లోపలికెళ్ళు."

ఎమిల్ కదల్లేదు.

"వాల్ట్," అన్నాడు గ్రేడీ. "అబద్ధమని చెప్పు."

వాల్ట్ నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయి, కోచ్ వంక చూసి, నోరు మూసుకుని, తల అడ్డంగా ఊపాడు. అబద్ధం కాదని. ఇరవై రెండేళ్ళ కుర్రాడొకడు తనకి తెలియకుండానే తన మెడ వెనక తడుముకున్నాడు. వాణ్ణి చూసి పక్కవాడు.

గ్రేడీ ఏడుపు ఆగిపోయింది.

"కోచ్," అన్నాడు, "నా మెడ మీంచి చెయ్యి తియ్యండి."

కోచ్ చెయ్యి తీశాడు. తీసిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాగితాల చుట్ట పట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే అతనికి దూరంగా, గ్రేడీ వైపు జరిగారు. ఎవరూ ఎవర్నీ జరగమనలేదు.

ఎమిల్ గడ్డి మీద పడ్డ బంతుల్ని ఏరి సంచిలో వేసుకున్నాడు. సోమవారం బల్లా లేదు, ఉతుకుల గదీ లేదు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. సంచి ఎత్తబోతుంటే గ్రేడీ వంగి, ఎడమ చేత్తో దాని పట్టీ అందుకుని భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోకుండా లోపలి దారి వైపు నడిచారు. వాళ్ళ వెనకే సియోనె, అతని వెనక మిగతా అందరూ నడిచారు.